రిటర్ వీధి గోడ మీద నా చేతిరాత

అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. అరవై తొమ్మిదో ఏట, మా పేట సాయంత్రం బడిలో, మనవరాలి వయసున్న పంతులమ్మ దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. చదవడం అంతకంటే నెమ్మది. పెదవులు కదపకుండా ఇప్పటికీ చదవలేను. ఇంకొకరికి ఒక్క నిమిషంలో తెలిసే సంగతి నాకు తెలియడానికి మూడు రోజులు పట్టింది. అది చివర్లో చెబుతాను.

పంతొమ్మిది వందల నలభై ఏడు వేసవి. బెర్లిన్‌లో అంత ఎండ నేను మళ్ళీ చూడలేదు. వారాల తరబడి చినుకు లేదు. నోట్లో ఎప్పుడూ ఇటుక పొడి. మేము ఆడవాళ్ళం వరుసగా నిలబడి కూలిన ఇళ్ళ రాళ్ళూ ఇటుకలూ బకెట్లలో చేతులు మార్చుకునేవాళ్ళం. మగవాళ్ళు కొందరు చచ్చిపోయారు, కొందరు రష్యాలో ఖైదులో ఉన్నారు, ఇల్లు చేరినవాళ్ళు కుర్చీలో కూర్చుని గోడ చూస్తున్నారు. నా బ్రూనో ఖైదులో ఉన్నాడని నా నమ్మకం. కాగితం ఏదీ రాలేదు. వచ్చినా నాకు చదవడం రాదు.

ఆ మాట ఎవరికీ తెలియదు. ఎవరైనా కాగితం చేతికిస్తే "కళ్ళజోడు బాంబుల్లో పోయింది" అనేదాన్ని. ఏదైనా రాయమంటే వేలికి గుడ్డ చుట్టుకునేదాన్ని. నిజానికి అప్పటికి నేను కళ్ళజోడు ముఖమే ఎరగను. తెలిసినవాడు బ్రూనో ఒక్కడే. పెళ్ళి రిజిస్టరులో సంతకానికి బదులు మూడు గీతలు పెట్టి నవ్వులపాలు కాకుండా, వారం రోజులు కిటికీ అద్దం మీది మంచులో వేలితో దిద్దించి నా పేరు నేర్పాడు. మా జర్మన్ రాతలో నా పేరు మొదటి అక్షరం మూడు కొండలు. చివరి అక్షరానికి పంది తోకలా ఒక మెలిక. ఆ మెలిక అతని చిలిపితనం. "ఈ తోక ఉంటే అది నువ్వు రాసిందే. తోక లేకపోతే ఎవరో దొంగ రాసింది" అనేవాడు.

మా ఇల్లు రిటర్ వీధిలో ఉండేది. నాలుగంతస్తుల ఇంట్లో మిగిలింది వీధి వైపు గోడ ఒక్కటే. నలభై అయిదులో ఊరంతా చేసిన పనే మేమూ చేశాం. గోడ మీద సుద్దతో రాయించాం. రాసింది పక్క వాటా పోల్ మామ్మ. "బ్రూనో, మిన్నా బతికే ఉంది. వేజర్ వీధి 14, వెనక వైపు నేలమాళిగ." వాన చెరిపినప్పుడల్లా మామ్మే మళ్ళీ రాసేది. నలభై ఏడు జనవరి చలికి మామ్మ పోయింది. ఆ తర్వాత గోడ మీద ఉన్నదే ఉన్నది. పని దిగాక రోజూ అటు వెళ్ళి అక్షరాలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టేదాన్ని. చదవడం రాకపోయినా లెక్కపెట్టడం వచ్చు కదా. అతను తిరిగొస్తే నన్ను పట్టుకోవడానికి ఈ భూమ్మీద ఉన్న ఆనవాలు ఆ గోడ ఒక్కటే.

నా దగ్గర ఉన్నది అతని చలికోటు. బూడిద రంగు ఉన్ని, కొమ్ము బొత్తాలు. నేలమాళిగలో వదిలితే దొంగలు పట్టుకుపోతారని ఆ మండుటెండలో కూడా పనికి తెచ్చుకుని పక్కన ఇటుకల మీద పెట్టుకునేదాన్ని.

వరుసలో నా పక్కన రోజెల్ టీట్స్ నిలబడేది. బెర్లిన్‌లోనే పుట్టి పెరిగిన మనిషి, నోటికి తలుపు లేదు.

"ఏమే మిన్నా, ఈ ఎండలో ఆ మొగుణ్ణి చంకనేసుకుని ఎందుకు తిరుగుతావ్? ఓ బస్తా బంగాళాదుంపలకు ఇచ్చేయరాదూ?"

"వచ్చాక ఏం తొడుక్కుంటాడు?"

"చలికాలంలో వస్తానని రాశాడా?"

"రాయలేదు."

"రాసినా నీ కళ్ళజోడు దొరకాలిగా" అంది బకెట్ అందిస్తూ.

జూలైలో సినిమా వాళ్ళు వచ్చారు. అమెరికా వాళ్ళు. అంత ఎండలో ఇంకా పెద్ద పెద్ద దీపాలు వెలిగించుకునేవాళ్ళు. ప్రేమ కథ, నవ్వుల కథ తీస్తున్నారని చెప్పుకున్నారు. మా ఊళ్ళో నవ్వులేమున్నాయా అనుకున్నాం గానీ, వాళ్ళ వంట బండి దగ్గర నుంచి వచ్చే వాసనకు ఎవరం నోరెత్తలేదు.

ఒకరోజు పొద్దున్నే వాళ్ళ దుబాసీ మా వరుస దగ్గరికి వచ్చాడు. పేరు లెవిన్, యూదుల పేరు. అమెరికా సైనిక దుస్తులు, ఇరవై అయిదేళ్ళుంటాయి. జర్మన్ మాత్రం బెర్లిన్ బడిపిల్లాడి జర్మన్.

"అమ్మా, మాకొక చెయ్యి కావాలి" అన్నాడు.

"ఒక్కటి చాలా బాబూ? రెండూ పట్టుకెళ్ళు. వాటి వెంట మిగతాది కూడా వస్తుంది" అంది రోజెల్.

అందరం నవ్వాం. అతను ఎర్రబడి విషయం చెప్పాడు. కథలో పెళ్ళాం గోడ మీద సుద్దతో రాస్తుంది. తారగారి చేతులు వెన్నముద్దల్లా ఉన్నాయట. దగ్గర నుంచి తీస్తే శిథిలాల్లో పనిచేసిన చెయ్యి అంటే ఎవరూ నమ్మరట. అందుకని అసలు చెయ్యి కావాలి. మధ్యాహ్నం భోజనం, తెల్ల రొట్టె.

వరుసంతా చేతులు చాచింది. నేను వెనక దాచుకున్నాను. దాచిన చెయ్యే అతని కంట పడింది.

"ఇదే" అన్నాడు.

"నా వేలికి దెబ్బ బాబూ."

"అదే కావాలి మాకు."

"కళ్ళజోడు కూడా లేదు నాకు."

"మీరేం రాయక్కర్లేదండీ. గోడ మీద ముందే పెన్సిల్‌తో సన్నగా రాసిపెడతాం. దాని మీద సుద్ద తిప్పడమే."

జీపు ఎక్కాను. గుంపులో నిలబడటానికని రోజెల్‌ని, ఇంకో నలుగుర్ని కూడా ఎక్కించారు. జీపు తిరిగి తిరిగి రిటర్ వీధిలో ఆగింది. మా ఇంటి ముందు. ఆ గోడ కిటికీల్లోంచి ఎండ బాగా పడుతోందని వాళ్ళకు నచ్చిందట.

నేను దిగేసరికి ఒకడు తడిగుడ్డతో గోడ తుడవడం పూర్తిచేశాడు.

"అది నాది!" అని అరిచాను. "ఎందుకు తుడిచారు? నా మొగుడికి రాయించింది అది!"

లెవిన్ పరిగెత్తుకొచ్చాడు. "ఊరుకోండమ్మా, షూటింగ్ అయ్యాక నేనే మళ్ళీ రాస్తాను. ఏముందో చెప్పండి" అని చిన్న పుస్తకం తీసి నేను చెప్పింది ఎక్కించుకున్నాడు. వేజర్ వీధి పద్నాలుగు, వెనక వైపు నేలమాళిగ. తర్వాత గోడ వైపు చూసి, "ఇది మీ ఇల్లా?" అన్నాడు.

"అవును. ఎందుకు?"

"మాది రెండు వీధుల అవతల. ప్రింజెన్ వీధి."

"మరి మీ వాళ్ళు?"

"మా గోడ మీద ఎవరూ ఏమీ రాయలేదమ్మా. రాయడానికి ఎవరూ మిగల్లేదు."

నేను నేల చూశాను. ఆ రోజుల్లో మేమంతా నేల చూడటంలో ఆరితేరాం.

దర్శకుడు పొట్టి మనిషి, బట్టతల, నోట్లో చుట్ట. నా చేతిమీది కోటు చూసి ఏదో అడిగాడు. ఎండలో కోటేమిటని అడుగుతున్నారని లెవిన్ చెప్పాడు. నేను చెప్పింది మళ్ళీ అతనికి చెప్పాడు. దర్శకుడు కోటు అందుకుని, ఆరడుగుల కథానాయకుడికి తొడిగాడు. భుజాల దగ్గర, చేతుల దగ్గర, కొలిచి కుట్టినట్టు సరిపోయింది. బ్రూనో కూడా ఆరడుగుల మనిషే. దర్శకుడు చుట్ట తీసి ఏదో ఒక మాటన్నాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. లెవిన్ అందరికంటే ఆలస్యంగా నవ్వాడు. కోటు నాకు తిరిగి ఇచ్చేశారు. ఒకతను గోడ మీద పెన్సిల్‌తో మూడు వరుసలు రాశాడు.

"ఇది ఎవరు ఎవరికి రాసింది?" అని లెవిన్‌ని అడిగాను.

"ఖైదు నుంచి తిరిగొచ్చే మొగుడికి పెళ్ళాం రాసింది. మీరు చదివారుగా?"

"చదివాను. బాగుంది."

"బాగుందా!" వింతగా చూశాడు. "మీకు నవ్వు రాలేదా?"

నేను నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వాను.

చేతికి సుద్ద ఇచ్చారు. దీపాల వేడికి చెమట ధార కట్టింది. ఒక్కో గీత మీదా సుద్ద తిప్పుతూ వెళ్ళాను. మా ఊరి బడిలో వెనక బల్ల మీద కూర్చున్న రెండేళ్ళలో ఎవరూ నా చేతికి సుద్ద ఇవ్వలేదు. ఇంట్లో మేం మాట్లాడే యాసకు పంతులు బెత్తంతో కొట్టి, బాతులు కాసుకోమని పంపేశాడు. ఇప్పుడు ఇంతమంది నా చేతిని చూస్తున్నారు. మూడు వరుసలూ అయ్యాయి. కింద పెన్సిల్ గీత లేదు. కథానాయిక పేరు ఇంకా తేల్చుకోలేదట, అక్కడ చెయ్యి తీసేయమని నాకు ముందే చెప్పారు. కానీ సుద్ద చేతిలో ఉంది, పేరు రావలసిన చోట గోడ ఖాళీగా ఉంది, నా చేతికి వచ్చింది ఒక్కటే మాట. మూడు కొండలతో మొదలుపెట్టి పంది తోక దాకా రాసేశాను.

దర్శకుడు ఏదో అరిచాడు. లెవిన్ వచ్చి చూశాడు.

"మిన్నా ఎవరు?"

"నేనే."

అతను చెబితే దర్శకుడు చుట్టతో గాల్లో ఓ గీత గీశాడు. "ఉండనీ, అమెరికాలో ఎవడు చదువుతాడు అంటున్నారు. కథలో ఆవిడ పేరు కూడా ఇక మిన్నాయేనట" అన్నాడు లెవిన్.

నాకు ఎంత గర్వమో చెప్పలేను. పైగా ఒక ధైర్యం. వీళ్ళు చిరునామా మళ్ళీ రాసేలోగా బ్రూనో వచ్చినా, పేరు చూస్తాడు, తోక చూస్తాడు, బతికున్నానని తెలుసుకుంటాడు.

తిరిగి వెళ్ళేటప్పుడు జీపులో రోజెల్ నా డొక్కలో పొడిచింది. "అంత ధైర్యం ఎక్కడిదే నీకు? కింద నీ పేరే పెట్టావ్! నీ మొగుడు గానీ చూస్తే గుండె ఆగి చస్తాడు!"

"చస్తే చావనీ" అన్నాను నవ్వుతూ. సంతోషంతో చావడం అనుకున్నాను.

ఆ తర్వాత ఇంకో రెండు వారాలు రోజూ నన్ను జీపులో తీసుకెళ్ళారు. నా చెయ్యి దుంపలు తొక్క తీసింది, గ్లాసు పట్టుకుంది, కథానాయకుడి చెంప నిమిరింది. మధ్యాహ్నం తెల్ల రొట్టె. ఒళ్ళు కాస్త తేరింది కూడా. "గోడ మీద ఎప్పుడు రాస్తారు బాబూ?" అని అడిగినప్పుడల్లా, "అది మళ్ళీ తీయాల్సి రావచ్చు, అప్పటిదాకా ముట్టుకోకూడదు" అనేవాడు లెవిన్. ఒకరోజు జీపు రాలేదు. మర్నాడూ రాలేదు. దీపాలూ వంట బండీ లెవినూ అన్నీ వెళ్ళిపోయాయి. అతను మరిచిపోయాడు. అతని మీద నాకు కోపం లేదు. అతని గోడ గురించి నేను మాత్రం ఎన్నిసార్లు తలుచుకున్నాను?

లంగా జేబులో సుద్దముక్క పెట్టుకుని గోడ ముందు నిలబడేదాన్ని. ఒక్క మాట రోజెల్‌ని అడిగితే రాసిపెట్టేది. అడగాలంటే ముందు ఇంకో మాట చెప్పాలి. అది నోట్లోంచి రాలేదు. నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. గోడ మీద మూడు వరుసలున్నాయి. మొగుడికి పెళ్ళాం రాసిన మూడు వరుసల్లో ఎక్కడుందో చెప్పకుండా ఉంటుందా? సినిమా చిరునామా అయినా, అక్కడికి వెళ్ళి అడిగితే ఎవరో ఒకరు చెప్పరా? వాన పడలేదు. ఒక్క అక్షరం కూడా చెరగలేదు. రోజూ లెక్కపెట్టేదాన్ని.

సెప్టెంబరు చివర్లో మీల్కె తాత నన్ను పిలిచాడు. ఒంటికాలి మనిషి. ఆగస్టు నుంచి ఆ గోడకు వీపు ఆనించి కూర్చుని అగ్గిపెట్టెలు అమ్ముకునేవాడు.

"అమ్మాయ్, నీ పేరు మిన్నానా?"

"అవును తాతా."

"ఇది నీకట. ఇవాళ పొద్దున ఒకడు ఇచ్చిపోయాడు."

కొయ్య చెంచా. ఖైదీలు చెక్కుకునే రకం. కాడ మీద మూడు కొండలు, చివర పంది తోక.

"ఏమన్నాడు? ఎటు పోయాడు?"

"కాళ్ళకు గోనెగుడ్డలు చుట్టుకుని వచ్చాడు. నా వెనక గోడ చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. కూర్చో నాయనా అంటే కూర్చోలేదు. 'ఈ మిన్నా అనే మనిషి ఇటు వస్తుంటుందా' అని అడిగాడు. రాకేం, రోజూ వస్తుంది, మొన్నటిదాకా అమెరికా వాళ్ళ జీపులో తిరిగింది, తెల్ల రొట్టె తిని కాస్త రంగు కూడా వచ్చింది అన్నాను. మంచి మాటే చెప్పాను కదా?"

"మంచి మాటే తాతా."

"సంతోషం అన్నాడు. గోడ మీద ఏదో మోచేత్తో తుడిచి వెళ్ళిపోయాడు."

తల తిప్పి చూశాను. మూడు వరుసలూ అలాగే ఉన్నాయి. పేరు ఒక్కటే లేదు.

కోటు పట్టుకుని పదకొండు రోజులు ఆ గోడ దగ్గర నిలబడ్డాను. పన్నెండో రోజు వాన వచ్చింది. ఊరంతా వీధుల్లోకి వచ్చి వానలో గంతులేసింది. గోడ మీంచి సుద్ద పాలలా కారిపోయింది.

ఆ తర్వాత చెప్పడానికి పెద్దగా లేదు. యాభైలో, తప్పిపోయినవాళ్ళను వెతికే కార్యాలయం అతను కాసెల్ అనే ఊళ్ళో ఉన్నాడని కనుక్కుంది. వాళ్ళు రాస్తే ఒక్క వాక్యం జవాబిచ్చాడట. గుమాస్తా చదివి వినిపించింది. "ఆవిడ రాసిన ప్రకారమే ఉండనివ్వండి."

ఆవిడ రాసిన ప్రకారం! జన్మలో ఒక్క ఉత్తరం రాయని దాన్ని. అక్షరం రాదని వెక్కిరిస్తున్నాడు అనుకున్నాను. అది తెలిసిన ఒక్క మనిషీ, ముక్కూ ముఖం తెలియని గుమాస్తా ముందు నన్ను ఎత్తిపొడిచాడు అనుకున్నాను. ఇంటికొచ్చి అతను చెక్కిన చెంచాతో బట్టలు ఉడికే సోడా నీళ్ళు కలిపాను. రంగు పోయి, అంచు విరిగేదాకా దానితోనే కలిపాను. విడాకుల కాగితాలు పంపితే వాటి మీద నా పేరు రాయలేదు. పంతొమ్మిది వందల అరవై తొమ్మిదిలో పోయాడని పింఛను కార్యాలయం తెలియజేసింది. అలా విధవనయ్యాను. ఏడవలేదు. తిట్టుకుంటూనే ఉన్నాను.

పోయిన నవంబరులో బడి నుంచి వస్తూ, క్రాయిజ్‌బర్గ్ పేటలో ఓ చిన్న సినిమాహాలు ముందు ఆగాను. పాత సినిమాలు వేసే హాలు. మా గోడ దగ్గర తీసిన సినిమాను అప్పట్లో మా ఊళ్ళో ఆడనివ్వలేదు. గోడకంటించిన బొమ్మ మీద ఒక చెయ్యి, చేతిలో సుద్ద. వేలికి గుడ్డ. నా చెయ్యి.

మధ్యాహ్నం ఆటకు వెళ్ళాను. హాలు నిండా కాలేజీ పిల్లలు. కథలో పెళ్ళాం ఇద్దరు సైనికుల్ని ఒకేసారి ప్రేమిస్తుంది, ఇద్దరి దగ్గరా కాఫీ గుంజుతుంది. నా చెయ్యి తెర నిండా వచ్చింది, గది తలుపంత పెద్దదిగా. పెదవులు కదుపుతూ చదివాను. మొదటి వరుస పూర్తయ్యేసరికి బొమ్మ మారిపోయింది.

నా కోసం వెతకొద్దు.

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. మొదటి వరుస వదిలేసి రెండోది పట్టుకున్నాను.

ఇక్కడ వెచ్చగా ఉంది, ఆకలి లేదు.

మూడోనాడు కిందిది.

నీ కోటు అతనికి కొలిచినట్టు సరిపోయింది.

దాని కింద ఉన్నది చదవక్కర్లేదు. తోక కూడా ఉంది.

అప్పుడు తెరమీద మొగుడు వచ్చాడు. కాళ్ళకు గోనెగుడ్డలు చుట్టుకున్నాడు గానీ బుగ్గలు నిండుగా ఉన్నాయి. గోడ చదివాడు. గోడ పక్క అలాంటిదే ఇంకో కోటు తొడుక్కుని నిలబడ్డ కథానాయకుడికి సైనిక వందనం చేసి, వెనక్కి తిరిగి నడిచి వెళ్ళిపోయాడు. హాలంతా ఒకటే నవ్వు. నా పక్క సీట్లో పిల్ల కళ్ళు తుడుచుకుంటూ నా వైపు వంగింది.

"మామ్మా, మీకు నవ్వు రాలేదా?"

"నలభై ఏడులోనే నవ్వేశానమ్మా" అన్నాను.

కోటు ఇంకా నా బీరువాలో ఉంది. ఆ ఒక్క పూట తప్ప ఎవరూ తొడుక్కోలేదు. ఇది రాసి పంతులమ్మకు చూపిస్తే, చివర పేరు, వయసు, ఊరు ఉంటే చాలంది. చాలదు. పేరు నాకు ఎప్పటినుంచో వచ్చు. మిగతాది రాయడానికే ఇన్నేళ్ళు పట్టింది.

మిన్నా గొల్లుబ్, డెబ్బై మూడేళ్ళు. బెర్లిన్, నాయ్‌కోల్న్ పేట, వేజర్ వీధి 112, వెనక వాటా, మూడో అంతస్తు, ఎడమ చేతి తలుపు. గంట పనిచేయదు. తట్టాలి.